చచ్చే వంతు

గురువారం రాత్రి ఏడింటికి
స్కంథార్ప్‌లో, స్కౌట్ల రేకుల షెడ్డులో
పదమూడో శతాబ్దం మొదలవుతుంది.
తాళంచెవి గ్లెనిస్ దగ్గరుంటుంది.
పగలంతా పళ్ల డాక్టరు దగ్గర ఫోన్లెత్తే మనిషి,
ఇక్కడ కోటకి ధాన్యం కొలిచే పెద్దావిడ.
హీటరు గంటకి రెండు పౌండ్లు మింగుతుంది.
ఎవరి జేబులోనూ చిల్లర ఉండదు.
అసలు జేబులే ఉండవు,
మాకింకా జేబు పుట్టలేదు.

పుట్టనివి చాలా ఉన్నాయి.
ఆలుగడ్డ పుట్టలేదు. జిప్పు పుట్టలేదు.
కళ్లజోడు మీద రెండేళ్లు పోట్లాడుకుని
చివరికి చూసీ చూడనట్టు వదిలేశాం,
అది లేకపోతే టెరెన్స్
శత్రువునీ గుడారపు గుంజనీ
ఒకే భక్తితో బాదుతున్నాడని.

నా పని వంట.
బడిలో నాలుగు వందల కంచాలు తోమి వచ్చి
ఇక్కడ బార్లీ, లీక్ కాడలు, ఉప్పుచేప.
పొగ నా జుట్టుని సోమవారం దాకా వదలదు.
మిస్, మీ ఇల్లు తగలబడిందా?
అని అడుగుతారు పిల్లలు, ఆశగా.

యుద్ధం ఆదివారం మూడింటికి.
ఎవరు గెలవాలో చరిత్ర చెప్తుంది,
ఎవరు చావాలో కమిటీ.
చచ్చే వంతుల జాబితా టీ డబ్బా మూతకి అంటించి ఉంటుంది.
ఎండ కాస్తే అందరికీ చావాలనే ఉంటుంది,
గడ్డిలో వెల్లకిలా పడి మబ్బులు చూడొచ్చు.
వాన పడితే ఒక్కడూ చావడు.

వానలో చచ్చేది బార్నబీయే.
ముప్పై ఒక్క ఏళ్లు ఉక్కు కరిగించిన మనిషి.
కొలిమి ఆర్పేసి ఇంటికి పంపిన ఆ చలికాలం
వంటింటి బల్ల దగ్గర కూర్చుని
తీగ చుట్టి, తుంచి, వంచి,
ఒక్కో రింగునీ నాలుగింటిలోంచి దూర్చి
ఇరవై మూడు వేల రింగుల చొక్కా అల్లాడు.
లెక్క అతనిదే. మేమెవరం మళ్లీ లెక్కపెట్టలేదు.
అంత చొక్కా తొడుక్కుని మొదటి బాణానికే కూలేవాడు.
'చూశారా, కన్నంలోంచే దూరింది' అని గొణిగేవాడు.
చుట్టూ శవాలు నవ్వాపుకోలేక కదిలిపోయేవి.
తాడవతల జనం, పాపం,
ప్రాణాలు పోతున్నాయనుకునేవాళ్లు.

ఫిబ్రవరిలో, బస్టాపులో,
వంతు కాకుండానే పోయాడు.

చర్చికి ఏ బట్టల్లో వెళ్లాలని తర్జనభర్జన.
మామూలుగానే రండి, అంది వాళ్ల చెల్లెలు.
మామూలంటే ఏదో మాకు తేలలేదు.
కోట్లూ టైలూ తగిలించుకుని వెళ్తే
ఒకళ్లనొకళ్లం ఆనవాలు పట్టడానికి
కాస్త సేపు పట్టింది.

చొక్కా మాకు వదిలాడు.
పద్నాలుగు కిలోలు. అతని బొజ్జ కొలతకి అల్లింది,
ఎవరికి తొడిగినా గోనెసంచే.
గాజుపెట్టెలో పెడదామన్నాడు టెరెన్స్.
పెడితే తుప్పు, తొడిగితే మెరుపు, అంది గ్లెనిస్.
ఆ మాటతో అందరి చూపూ రూతా మీదికి వెళ్లింది.
లిథువేనియా పిల్ల, కోళ్ల ప్యాకింగులో రాత్రి డ్యూటీ,
చేరి నాలుగు వారాలు,
ఇంకా ఏ శతాబ్దంలోనూ సర్దుకోలేదు.

చొక్కా నేలమీద పరిచి తలో పటకారూ పట్టుకున్నాం.
పక్కల్లోంచి వరసలు విప్పాం.
ఒక రింగు విప్పితే నాలుగు వదులవుతాయి,
ఆ నాలుగూ జారకుండా పట్టడానికి ఇంకో మనిషి వేలు కావాలి.
ఆరు గురువారాలు పట్టింది.
హీటరు ఆగిపోయినా ఎవరం లేవలేదు.
మిగిలిన రింగులు జామ్ సీసాలో పోశాం.
కొన్ని, నాకు తెలుసు,
మా లేని జేబుల్లోకి పోయాయి.

మే నెల ఆదివారం. వాన.
జాబితాలో పై పేరు గ్లెనిస్ కొట్టేయలేదు.
మొదటి బాణం వచ్చింది.
ఎవరూ పడలేదు.
రెండు సైన్యాలూ అలా నిలబడిపోయాయి,
బురదలో, కత్తులు దించుకుని.
రూతా అటు చూసింది, ఇటు చూసింది,
ఛాతీ పట్టుకుని ధబ్బున కూలింది.
ఏదో గొణిగింది కూడా.
ఏ భాషలోనో పొయ్యి దగ్గరికి వినబడలేదు.
శవాలు కదలడం మాత్రం కనబడింది,
ఇంకా చావని వాళ్లు కూడా.

కుండలో వాన పడుతోంది.
మూత ఎక్కడ పెట్టానో.